సియాలిడేజులు: మన దేహంలోని నాలుగు కత్తెరలు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యానికి సంబంధించిన ఏదైనా ఒక విషయం మీద నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. షుగరు వ్యాధి గురించి, బీపీ గురించి, కంటి శుక్లాల గురించి డాక్టర్లు ప్రతి ఏడూ మనకు చక్కగా చెబుతూనే ఉన్నారు. మేము డాక్టర్లం కాము. కాలేజీలో జీవరసాయన శాస్త్రం పాఠాలు చెప్పుకుని రిటైరైనవాళ్ళం. కాబట్టి మాకు తెలిసిన చోటునుంచే ఒక చిన్న విషయం ఎత్తుకున్నాము. దాని పేరు సియాలిడేజు. "ఇదేం మందు సాబ్? ఎక్కడ దొరుకుతుంది?" అని మొన్న మా పొరుగాయన అడిగారు. మందు కాదు, మన ఒంట్లోనే తయారయ్యే ఒక ఎంజైము. అది ఉన్నంతకాలం ఉన్నదని కూడా మనకు తెలియదు. లేకపోతే మాత్రం ఇల్లంతా తలకిందులవుతుంది.

అలా తలకిందులైన ఒక ఇల్లు మాకు తెలుసు. వారి అనుమతితోనే చెబుతున్నాము, పేర్లు మాత్రం చెప్పము. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు. పెద్దబ్బాయికి పద్నాలుగో ఏట చేతిలో చాయ్ గ్లాసు నిలిచేది కాదు. ఉన్నట్టుండి చెయ్యి ఉలిక్కిపడేది, గ్లాసు జారి కింద పడేది. అల్లరి చేస్తున్నాడనుకున్నారు. బడిలో అక్షరాలు వంకర్లు పోతున్నాయని దెబ్బలు తిన్నాడు. రెండేళ్ళు తిరక్కుండానే చెల్లెలికీ అదే మొదలయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఒకటే మాట. "కోడలి రక్తంలోనే ఏదో ఉంది." ఆ తల్లి ఎనిమిదేళ్ళు ఆ మాట పడింది. ఆ మాట ఎందుకు తప్పో చెప్పాలంటే ముందు ఈ ఎంజైము పని తెలియాలి. కాస్త ఓపిక పట్టండి.

మన శరీరంలో ప్రతి కణం పైనా సన్నని చక్కెర గొలుసులు వేలాడుతూ ఉంటాయి. చక్కెర అనగానే చాయ్‌లో వేసుకునేది అనుకోకండి. రసాయన శాస్త్రంలో చక్కెరలు చాలా రకాలు. దుపట్టా అంచుకు కుట్టిన కుచ్చులను తలచుకోండి. ఒక్కొక్క కుచ్చుకు పూసలు గుచ్చి, చిట్టచివర ఒక ముత్యం కడతారు కదా. కణం మీది గొలుసులు కూడా అలాంటివే. చాలా గొలుసులకు చివర ఉండే ఆ ముత్యం పేరు సియాలిక్ ఆమ్లం. మనం తినే గ్లూకోజులో ఆరు కార్బన్లు ఉంటే దీనిలో తొమ్మిది ఉంటాయి. పైగా దీనికి ఋణ విద్యుదావేశం ఉంది. ఒకే రకం ఆవేశం గలవి ఒకదానినొకటి నెట్టుకుంటాయి. అందువల్లనే మన ఎర్ర రక్తకణాలు ఒకదానికొకటి అంటుకోకుండా ప్రవహిస్తున్నాయి. నోటిలో లాలాజలానికి ఆ జిగురు, జారుడుతనం రావడానికి కూడా ఈ ఆమ్లమే ఒక కారణం.

దీనిని 1936లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు గున్నార్ బ్లిక్స్ పశువుల లాలాజల గ్రంథి నుంచి వేరు చేశారు. గ్రీకు భాషలో లాలాజలాన్ని సియాలోన్ అంటారు, ఆ పేరే దీనికి నిలిచింది. 1941లో జర్మనీలో ఎర్నెస్ట్ క్లెంక్ మెదడులోని కొవ్వు పదార్థాలలో ఇటువంటి దానినే కనుగొని న్యూరామినిక్ ఆమ్లమని పేరు పెట్టారు. ఒకరు నోటి దగ్గర పట్టుకున్నారు, ఇంకొకరు మెదడు దగ్గర పట్టుకున్నారు. అందుకే ఈ ముత్యాన్ని తెంపే ఎంజైముకు కూడా రెండు పేర్లు వచ్చాయి. సియాలిడేజు అన్నా, న్యూరామినిడేజు అన్నా ఒకటే.

ఈ కత్తెరను మనిషి మొదట చూసింది తన ఒంట్లో కాదు, శత్రువు చేతిలో. 1940ల మొదట్లో అమెరికాలో జార్జ్ హర్స్ట్ ఫ్లూ వైరసును కోడి ఎర్ర రక్తకణాలతో కలిపి చూశారు. కణాలు గుంపుకట్టాయి. కొంతసేపటికి వైరసు తనంతట తానే విడిపోయింది. చిత్రమేమంటే, అదే కణాలకు మళ్ళీ వైరసును కలిపితే అది అంటుకోలేదు. పట్టుకునే కొక్కేన్ని వైరసే తెంపేసి పోయిందన్నమాట. ఆ కొక్కెం సియాలిక్ ఆమ్లం, తెంపింది వైరసు సియాలిడేజు. కలరా క్రిమిలో కూడా ఇటువంటి ఎంజైము ఉందని ఆ దశాబ్దంలోనే ఆస్ట్రేలియాలో బర్నెట్ బృందం చూపించింది. ఫ్లూ వైరసు కత్తెరకు అడ్డుపడే మందులు 1999లో వాడుకలోకి వచ్చాయి. 2009లో స్వైన్ ఫ్లూ మన హైదరాబాదులో కూడా అడుగుపెట్టినప్పుడు అందరి నోటా వినిపించిన టామిఫ్లూ అటువంటి మందే. అది వైరసు కత్తెరకు సరిపడేలా చేసినది. మన ఒంటి కత్తెరల ఆకారం వేరు గనుక వాటి జోలికి అంతగా పోదు.

కత్తెర శత్రువు చేతిలో కనబడింది గనుక అది చెడ్డదనుకోవడం సహజం. కానీ దర్జీ చేతిలో కత్తెర లేకుండా షేర్వాణీ తయారవుతుందా? మనుషులకు, పశువులకు, ఎలుకలకు, అంటే పాలిచ్చి పెంచే జంతువులన్నిటికీ ఈ ఎంజైము తమ ఒంట్లోనే ఉంది. అదీ ఒకటి కాదు, నాలుగు రకాలు. ఒక్కొక్కటి కణంలో ఒక్కొక్క చోట కూర్చుని పని చేస్తుంది.

వీటి పని అర్థం కావాలంటే ముత్యం తెగితే ఏమవుతుందో ముందు చూడాలి. 1960ల చివర అమెరికాలో ఆష్‌వెల్, మొరెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుందేళ్ళ మీద ఒక ప్రయోగం చేశారు. రక్తంలో రాగిని మోసే ఒక ప్రోటీను ఉంది. దానిని ఉన్నదున్నట్టుగా ఎక్కిస్తే రక్తంలో గంటల తరబడి తిరుగుతూనే ఉంది. చివరి సియాలిక్ ఆమ్లాన్ని తీసివేసి ఎక్కిస్తే నిమిషాల్లో మాయమైంది. ఎక్కడికి పోయిందని వెదికితే కాలేయంలో దొరికింది. ముత్యం ఊడిన ప్రోటీన్లను గుర్తుపట్టి లోపలికి లాక్కునే పట్టుకొమ్మలు కాలేయ కణాలకు ఉన్నాయి. అంటే ఆ ముత్యం ఒక చెల్లుబాటు ముద్ర లాంటిది. ముద్ర ఉన్నంతకాలం తిరగవచ్చు, చెరిగిపోతే వెనక్కు పిలుపు.

గాయమైతే రక్తాన్ని ఆపే ప్లేట్‌లెట్ల సంగతీ ఇంతే. వాటి ఆయుష్షు వారం పదిరోజులు. వయసు పైబడిన కొద్దీ వాటి మీది సియాలిక్ ఆమ్లం ఊడిపోతుంది. అప్పుడు కాలేయం వాటిని లోపలికి తీసుకుంటుంది. అంతటితో ఊరుకోదు. పాతవి వచ్చాయి, కొత్తవి చేయండని ఎముకల మూలుగకు ఒక హార్మోనుతో కబురు పంపుతుంది. చూశారా, ఎంత లెక్కగా జరుగుతోందో! తొందరపడి తెంపితే నష్టం, తెంపకుండా ఊరుకుంటే ఇంకా నష్టం.

ఇక నాలుగు కత్తెరల సంగతి. శాస్త్రజ్ఞులు వీటికి న్యూ-1, న్యూ-2, న్యూ-3, న్యూ-4 అని వరుస సంఖ్యలు పెట్టారు.

న్యూ-2 కణం లోపలి ద్రవంలో ఉంటుంది. పాలిచ్చే జంతువుల సియాలిడేజులలో మొట్టమొదట జన్యువు దొరికింది దీనికే. 1993లో జపాను శాస్త్రజ్ఞులు ఎలుక కండరం నుంచి దానిని వేరు చేశారు. లేత కణాలు కలిసి కండరపు పోగులుగా మారేటప్పుడు దీని అవసరం ఉంది. మనుషుల్లో మాత్రం ఇది చాలా తక్కువ.

న్యూ-3 కణం పైపొరలోనే కూర్చుని, అక్కడి గ్యాంగ్లియోసైడులనే కొవ్వు-చక్కెర పదార్థాలను కత్తిరిస్తుంది. నాడీకణం తన పొడవాటి తీగను ఏ వైపు చాచాలో నిర్ణయించుకోవడంలో దీని చెయ్యి ఉంది. ఇది మితిమీరినా ముప్పే. చుండెలుకలలో దీనిని మోతాదు మించి తయారయ్యేలా చేస్తే ఇన్సులిన్ మాట కణాలకు సరిగా వినబడక రక్తంలో చక్కెర పెరిగింది. పెద్దప్రేగు క్యాన్సరులో కూడా ఇది మామూలు కంటే ఎక్కువగా కనబడుతుంది.

న్యూ-4 మెదడులో ఎక్కువ. ఎదిగే మెదడులో కొన్ని ప్రోటీన్ల మీద సియాలిక్ ఆమ్లం ఒకటి కాదు, పదుల సంఖ్యలో దండలా ఉంటుంది. ఆ దండను తెంపగలగడం న్యూ-4 ప్రత్యేకత.

ఒక జంతువులో చూసింది ఇంకొక జంతువుకు అలాగే వర్తిస్తుందనుకోకూడదు. టే-సాక్స్ అని పసిపిల్లల నరాలను దెబ్బతీసే ఒక ఘోరమైన వ్యాధి ఉంది. అది వేరొక ఎంజైము లేక వచ్చేది. అదే ఎంజైమును చుండెలుకలో లేకుండా చేస్తే ఆ ఎలుక దాదాపు మామూలుగానే బతికింది. కారణమేమిటి? పెద్దదారి మూసుకుపోయినా, ఎలుకలోని సియాలిడేజు ముత్యం తెంపి సందుదారి తెరిచింది. మనుషుల్లో ఆ సందుదారి బలహీనం. అందుకే పిల్లలు నిలవలేకపోతున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైన న్యూ-1ను కావాలనే చివరికి పెట్టుకున్నాము. కణంలో లైసోసోము అని ఒక సంచి ఉంటుంది. పాతబడిన సామాను అంతా అక్కడికి చేరుతుంది. అక్కడ పాత సామానును విప్పి, పనికొచ్చే ముక్కలను తిరిగి వాడకానికి పంపుతారు. చక్కెర గొలుసును విప్పడంలో ఒక నియమం ఉంది. చివరినుంచే మొదలుపెట్టాలి. ఒక్కొక్క పూసకు ఒక్కొక్క ఎంజైము, తన వంతు వస్తేనే పని చేస్తుంది. చివరి ముత్యం కదలకపోతే, వెనుక ఉన్న ఎంజైములు ఎంత బలంగా ఉన్నా చేతులు కట్టుకుని నిలబడవలసిందే. గొలుసు గొలుసంతా అలాగే సంచిలో పేరుకుపోతుంది. న్యూ-1 ఒక్కటి లేకపోతే ఇదే జరుగుతుంది.

ఈ న్యూ-1 ఒంటరిగా నిలవలేదు. దానిని కాపాడే తోడు ప్రోటీను ఒకటి ఉంది, దాని పేరు కెథెప్సిన్-ఏ. తోడు లేకపోతే న్యూ-1 నశిస్తుంది. లైసోసోము పనే గాక, రక్తనాళాలకు, చర్మానికి సాగే గుణమిచ్చే పోగులను అల్లడంలోనూ, క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలను మేల్కొల్పడంలోనూ న్యూ-1కు భాగం ఉంది.

న్యూ-1 జన్యువులో లోపం వల్ల వచ్చే వ్యాధి పేరు సియాలిడోసిస్. దీనికి మూలం ఈ ఎంజైము లోపమేనని 1977లో జర్మనీ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఇందులో రెండు రకాలు. మొదటి రకం సాధారణంగా ఎనిమిదేళ్ళ తర్వాత, ఇరవై అయిదేళ్ళ లోపల బయటపడుతుంది. చూపు మందగిస్తుంది. చేతులు, కాళ్ళు ఉన్నట్టుండి ఉలిక్కిపడతాయి. నడక తడబడుతుంది. తెలివితేటలు మాత్రం చాలావరకు చెక్కుచెదరవు. రెండో రకం మరీ కఠినమైనది. పసితనంలోనే కాలేయం, ప్లీహం ఉబ్బడం, ముఖకవళికలు మారడం, ఎముకలు వంకరపోవడం ఉంటాయి. ఒక్కొక్కసారి కడుపులో ఉండగానే బిడ్డకు నీరు పడుతుంది. న్యూ-1 బాగానే ఉండి, తోడు ప్రోటీను లేకపోయినా ఇంచుమించు ఇటువంటి కష్టాలే వస్తాయి. దానిని గెలాక్టోసియాలిడోసిస్ అంటారు. ఆ రహస్యం 1982లో బయటపడింది. ఇవన్నీ చాలా అరుదైన వ్యాధులు. చెయ్యి వణికిన ప్రతి పిల్లవాడికీ ఇదేనేమోనని ఎవరూ బెంగపడవలసిన పని లేదు.

ఇక మేము మొదట చెప్పిన ఇంటికి వద్దాం. ఆ పిల్లలను ఎన్నో చోట్ల తిప్పారు. ఒకరు మూర్ఛ అన్నారు, ఒకరు భయం అన్నారు. చివరికి కళ్ళజోడు కోసం పోతే, అక్కడి కంటి డాక్టరు అబ్బాయి కన్ను లోపల చూసి ఆగిపోయారు. కంటి వెనుక పొర నడుమ చెర్రీపండు రంగులో ఒక ఎర్రని చుక్క ఉంది. చుట్టూ ఉన్న నాడీకణాలలో సరుకు పేరుకుని తెల్లబడితే, పేరుకోని నడిమి చోటు అలా ఎర్రగా కనబడుతుంది. ఇటువంటి చుక్క కొన్ని వ్యాధులలోనే వస్తుంది. ఆయన జన్యు వైద్యుల దగ్గరకు పంపారు. ఎంజైము పరీక్ష, జన్యు పరీక్ష జరిగాయి. సియాలిడోసిస్ మొదటి రకమని తేలింది.

ఆ పరీక్ష ఇంకొక సంగతి కూడా చెప్పింది. మనకు ప్రతి జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి. ఒక ప్రతి పాడైనా రెండోది పని నడిపిస్తుంది. అటువంటివారిని వాహకులు అంటారు, వారికి ఏ జబ్బూ ఉండదు. తల్లి, తండ్రి ఇద్దరూ వాహకులైతేనే, రెండు పాడు ప్రతులూ బిడ్డకు చేరితేనే వ్యాధి. అంటే తల్లి ఎంతో తండ్రీ అంతే. ఆ ఇంట్లో పరీక్ష చేస్తే ఇద్దరి దగ్గరా ఉన్నది అచ్చంగా ఒకే తప్పు. ఎందుకంటే ఆ అమ్మాయి పెళ్ళాడింది తన ఖాలా కొడుకునే. అత్తగారే ఖాలా. "కోడలి రక్తం, కోడలి రక్తం" అన్నారే, ఆ రక్తం అత్తగారి తల్లిదండ్రుల ఇంటిదే!

డాక్టరు కాగితం మీద వంశవృక్షం గీసి చూపించినప్పుడు ఆ పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత కోడలి చెయ్యి పట్టుకుని, "బేటీ, నేను ఎనిమిదేళ్ళు మా అమ్మనే తిట్టాను" అన్నదట. ఆ మాట మాకు చెబుతూ ఆ కోడలు కళ్ళు తుడుచుకున్నది.

ఇక్కడ ఒక లెక్క చెబుతాము, పిల్లలు కూడా వినండి. ఒక తాతగారు వాహకుడు అనుకుందాం. ఆ పాడు ప్రతి ఒక మనవడికి చేరే అవకాశం నాలుగింట ఒకటి. వేరే బిడ్డ సంతానమైన మనవరాలికీ నాలుగింట ఒకటి. ఇద్దరికీ చేరే అవకాశం పదహారింట ఒకటి. వారిద్దరూ పెళ్ళాడితే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం అరవై నాలుగింట ఒకటి. బయటి సంబంధంలో అయితే అవతలివారికి కూడా సరిగ్గా ఇదే జన్యువు పాడై ఉండాలి. అది ఎంతో అరుదు. చాచా కూతురు, ఖాలా కొడుకు సంబంధాలు మనలో ఉన్నాయి. మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు మన ఇరుగుపొరుగు తెలుగు ఇళ్ళలోనూ ఉన్నాయి. లెక్క ఎవరికైనా ఒకటే. అలాగని దగ్గర సంబంధాల పిల్లలంతా జబ్బుపడతారని కాదు. ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉన్నారు, ఈ సభలోనూ ఉన్నారు. కానీ ఇంట్లో ఒక బిడ్డకు ఇటువంటి వ్యాధి వచ్చిందంటే లెక్క మారిపోతుంది. ఆ దంపతులకు ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు భయం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక రాదనుకోవడం పొరపాటు. ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువు వాహకుడయ్యే అవకాశం మూడింట రెండు వంతులు.

ఈ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. జన్యుచికిత్స ప్రయత్నాలు ఎలుకల మీద జరిగాయి. ఉలికిపాటును తగ్గించే మందులు, కంటి చూపుకు, నడకకు తోడ్పాటు మాత్రం ఉన్నాయి. అయితే మందు లేదంటే చేసేదేమీ లేదని కాదు. ఏ లోపమో తెలిస్తే తర్వాతి కాన్పులో గర్భం మూడో నెల ప్రాంతంలోనే పరీక్ష చేయించుకోవచ్చు. ఆపైన ఏం చేయాలన్నది ఆ దంపతులు, వారి డాక్టరు కలిసి నిర్ణయించుకునే విషయం. మన అదృష్టం కొద్దీ ఇందుకు దూరదేశాలకు పోనక్కరలేదు. భారత ప్రభుత్వం 2021లో అరుదైన వ్యాధుల విధానాన్ని ప్రకటించింది. ఆ విధానం కింద గుర్తించిన కేంద్రాలలో హైదరాబాదులోని డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒకటిగా ఉన్నాయి.

సంఘ సభ్యులకు మా మనవి ఒక్కటే. ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. దాదా, దాదీ, నానా, నానీల నుంచి మొదలుపెట్టి ఎవరికి ఎంతమంది పిల్లలు, చిన్నతనంలో ఎవరు పోయారు, ఎవరికి చూపు పోయింది, ఎవరికి చేతులు ఉలిక్కిపడేవి అని రాసి ఉంచండి. ఇటువంటివి సిగ్గుపడి దాచుకుంటే మన పిల్లలకే నష్టం. సంబంధం మాట్లాడేటప్పుడు జాతకాలో, జాగాలో, జీతాలో అడిగినట్టే ఆ పుస్తకమూ ముందు పెట్టండి. అనుమానం ఉంటే పెళ్ళికి ముందే జన్యు వైద్యులను అడగండి. మరొక మాట, బిడ్డకు జబ్బు వస్తే తల్లిని అనకండి.

ఆ ఇంట్లో మూడో పిల్లవాడు ఆరోగ్యంగా ఉన్నాడు. అతనికి మామూ కూతురితో సంబంధం అనుకున్నారు. ఆ అమ్మాయి కూడా అదే తాత మనవరాలే. ఈసారి ముందే ఇద్దరికీ పరీక్ష చేయించమని పట్టుబట్టింది ఎవరనుకున్నారు? ఆ అత్తగారే. అబ్బాయి వాహకుడని, అమ్మాయిలో ఆ లోపం లేదని తేలింది. అంటే ఈ వ్యాధి వారి బిడ్డలకు రాదు. నికాహ్ జరిగింది. అన్నను చక్రాల కుర్చీలో పెళ్ళిపందిరికి తీసుకువచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. చెల్లెలు తల్లి చెయ్యి పట్టుకుని వచ్చింది. దావత్‌లో మేమూ ఉన్నాము.

కంటికి కనబడని ఒక ముత్యం, దానిని తెంపే ఒక కత్తెర. దాని సంగతి తెలిసినందువల్ల ఒక తల్లి మీద పడ్డ నింద తొలగింది, ఒక కొత్త సంసారం భయం లేకుండా మొదలైంది. కష్టమైన పేర్లతో మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టినందుకు మన్నించండి.